యుద్ధం చూసినవారు రాయవచ్చా? రాస్తే ఎంతవరకు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. పదాతిదళంలో పదిహేడేళ్లు పనిచేసి, నాయక్‌గా పదవీ విరమణ పొంది అల్వాల్‌లో స్థిరపడ్డారు. సరిహద్దులో గడిపిన రోజుల గురించి తెలుగులో రాయాలని కూర్చుంటే ఒక పేజీ సినిమా సన్నివేశంలా, మరొక పేజీ పై అధికారికి పంపే రిపోర్టులా వస్తోంది. “నిజంగా యుద్ధం చూసినవాడు దాని గురించి మాట్లాడడు” అంటూ తోటి మాజీ సైనికులు మిమ్మల్ని ఆపుతున్నారు. రాయవచ్చా, రాస్తే ఏది రాయాలి, ఏది వదిలేయాలి అన్నది మీ సందేహం.

రాయవచ్చు, రాయడం అవసరం కూడా. అయితే మీరు నిలబడిన చోటి నుంచి మీకు కనిపించినది, వినిపించినది, మీ చేతులతో మీరు చేసినది మాత్రమే రాయండి. అంతకు మించి రాయవలసి వస్తే అది ఎవరు చెప్పగా తెలిసిందో అక్కడే చెప్పండి. సినిమాలా వచ్చిన పేజీకీ, రిపోర్టులా వచ్చిన పేజీకీ ఉన్న లోపం ఒక్కటే: రెండింటిలోనూ మీరు లేరు. మొదటి పేజీలో మీ చోట ఎవరో కథానాయకుడు నిలబడ్డాడు, రెండవ పేజీలో మీ చోట యూనిట్ నిలబడింది.

నేను ఫిరంగిదళం మనిషిని. గోల్కొండ దగ్గరి ఆర్టిలరీ సెంటర్‌లో రిక్రూట్‌గా శిక్షణ పొంది, 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ సెక్టారులో బోఫోర్స్ గన్ (ఫిరంగి) మీద పనిచేసి, సుబేదారుగా బయటకు వచ్చాను. తిరుమలగిరి, బొల్లారం, సైనిక్‌పురి, యాప్రాల్ ప్రాంతాలలో మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి, తాము రాసుకున్నది చదివి చెప్పమని నోటుపుస్తకాలు తెచ్చి ఇచ్చేవారు నాకు తరచుగా ఎదురవుతుంటారు. కింద రాసినది నా సర్వీసు నుంచీ, ఆ నోటుపుస్తకాల నుంచీ నాకు తెలిసినది.

కార్గిల్ అనగానే మనవారిలో చాలామందికి టైగర్ హిల్ మీద ఎగిరిన జెండా గుర్తుకు వస్తుంది. నేను ఆ కొండను చూశానే కాని దాని మీద అడుగు పెట్టలేదు. ద్రాస్ సుమారు 10,800 అడుగుల ఎత్తున ఉంటుంది. శత్రువు పట్టుకుని కూర్చున్న శిఖరాలు 16,000 అడుగుల వరకు, కొన్ని అంతకు మించి ఉంటాయి. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రహదారి పైనున్నవారి కంటికి స్పష్టంగా కనిపించేది కనుక మన లారీలు రాత్రిపూట దీపాలు ఆర్పుకుని నడిచేవి. గన్ పొజిషన్‌లో ఉన్న మాకు లక్ష్యం సాధారణంగా కనిపించదు. పదాతిదళంతో పాటు కొండ ఎక్కిన మా అబ్జర్వేషన్ పోస్టు అధికారి రేడియోలో లక్ష్యం ఎక్కడుందో చెబుతాడు. కమాండ్ పోస్టులో దాన్ని లెక్క కట్టి గన్‌కు అంకెలుగా ఇస్తారు. మేము ఆ అంకెల ప్రకారం గొట్టం తిప్పి, గుండు నింపి, పేలుస్తాము. టైగర్ హిల్ దాడిలో కొన్ని గన్‌లను కొండ నేరుగా కనిపించే చోటికి తెచ్చి కాల్చిన మాట నిజమే కాని, ఫిరంగిదళానికి అది రోజూ జరిగే పని కాదు.

155 మిల్లీమీటర్ల గుండు ఒక్కొక్కటి సుమారు 43 కిలోలు ఉంటుంది. అంత ఎత్తులో గాలి పలుచన కాబట్టి గుండు మైదానంలో కంటే ఎక్కువ దూరం పోతుంది. గాలి వేగం, ఉష్ణోగ్రత, సాంద్రత చూసి లెక్క సరిచేయకపోతే అది కొండ అంచు దాటి అవతలి లోయలో పడుతుంది, లేదా ఎక్కుతున్న మనవాళ్లకు దగ్గరగా పడుతుంది. అందుకే మాకు ప్రతి అంకె మీదా భయం ఉండేది. ఆ యుద్ధంలో మన ఫిరంగిదళం మొత్తం మీద రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు ప్రయోగించింది. ఈ సంఖ్యను ఎవరైనా రాయగలరు. నేను సాక్ష్యం చెప్పగలిగినది మా గన్ నుంచి బయలుదేరిన వాటి గురించే. అవి ఎక్కడ, ఎవరి మీద పడ్డాయో నేను చూడలేదు. ఆ చూడకపోవడాన్ని కూడా రాయాలి. గన్నర్ యుద్ధమంటే చెవిలో పడే అంకెలు, ఆగకుండా మోసే బరువు, మాటలు వినపడనంత చెవి మోత, ఎదుటివారి గుండ్లు దగ్గర పడడం మొదలయ్యాక గన్‌ను వేరే చోటికి లాగి మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవడం. ఇందులో సినిమా లేదు. కాని చదివిన ఏ గన్నర్ అయినా ఇది అబద్ధమని అనడు.

మీరు పదాతిదళం కాబట్టి నాకంటే చాలా దగ్గరగా చూసి ఉంటారు. అయినా చీకట్లో, రాళ్ల మధ్య ఎక్కుతున్న సైనికుడికి తన సెక్షన్ (పదిమంది జట్టు) తప్ప అటువంటి మూడు జట్ల ప్లటూన్ కూడా పూర్తిగా కనిపించదని మీకు నేను చెప్పనవసరం లేదు. బెటాలియన్ ఎటు నుంచి ఎటు వెళ్లిందన్నది తరవాత మ్యాపు మీద తెలిసే విషయం. దాన్ని ఆ రాత్రే మీకు తెలిసినట్టు రాస్తే పేజీ రిపోర్టుగా మారిపోతుంది.

నా దగ్గరకు వచ్చిన నోటుపుస్తకాలలో ఒకటి చెబుతాను. రాసినాయన పదాతిదళ కంపెనీలో రేడియో ఆపరేటర్. ఆయన తన దాడి రాత్రిని నినాదాలతో, దూకుడుతో నాలుగు పేజీలు రాశారు. అన్నీ ఎక్కడో విన్న మాటలే. “ఆ సమయంలో మీ చేతుల్లో ఏముంది?” అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, బ్యాటరీలు అన్నారు. చలికి బ్యాటరీ శక్తి పడిపోతుంది కనుక విడి బ్యాటరీలను కోటు లోపల ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచుకునేవారట. రేడియో సెట్టు మూగబోతే కింద ఉన్న మా గన్‌లకు కబురు అందదు, కబురు అందకపోతే పైన ఉన్న కంపెనీకి ఆసరా ఉండదు. అందువల్ల రాత్రంతా ఆయన ధ్యాస శత్రువు మీద కంటే తన ఛాతీ మీది ఆ బరువు మీదే ఎక్కువగా ఉందట. ఆ నాలుగు పేజీలు తీసేసి ఇది రాయమన్నాను. రాశారు. యుద్ధం గురించి తెలుగులో నేను చదివిన మంచి పేజీలలో అది ఒకటి. ఆయన మాత్రం ఇది రాయదగిన విషయమని అంతవరకు అనుకోనే లేదు.

పని రాయండి. ఏ బరువు, ఎంత దూరం, ఎవరితో కలిసి, ఏ వేళకు మోశారో రాయండి. లంగర్ (వంటశాల) నుంచి పైకి ఏం వచ్చేది, ఖచ్చర్లు (కంచరగాడిదలు) ఎక్కడిదాకా రాగలిగేవి, ఆ తరవాత ఎవరు మోసేవారు, జేబులో శక్కర్‌పారాలు (తీపి పిండి ముక్కలు) ఎన్నాళ్లు ఉండేవి, కేరాఫ్ 56 ఏపీవో అని సైనిక తపాలా చిరునామా రాసిన ఉత్తరం ఇంటి నుంచి వచ్చేసరికి అందులోని కబురు ఎంత పాతదై ఉండేది, ఇవన్నీ రాయండి. కాల్పులు జరిగిన గంటలు సర్వీసులో చాలా కొద్ది. మిగిలిన కాలమంతా ఎదురుచూపు, బరువులు మోయడం, కాపలా. మీ పుస్తకంలో కూడా దాదాపు అదే నిష్పత్తి ఉంటే అది నిజానికి దగ్గరగా ఉంటుంది.

మన హైదరాబాదు కుటుంబం నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ఉంటూ 1999 జూన్ 28న ద్రాస్ సెక్టారులో అమరులయ్యారు. ఆయనకు మహావీర చక్ర మరణానంతరం వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి ఆయన రాసిన ఉత్తరం పత్రికలలో చాలాసార్లు వచ్చింది. గర్భవతిగా ఉన్న భార్యకు రోజుకొక భారతకథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని అందులో తండ్రిని కోరారు. శత్రువుకు ఎదురుగా ఉన్న మనిషి మనసులో ఏముంటుందని అడిగేవారికి నేను ఆ ఉత్తరం గురించే చెబుతాను. ఇంటి ఆలోచన ఆ మనిషి ధైర్యానికి అడ్డు రాలేదు. మీరు కూడా కొండ మీద ఉన్నప్పుడు ఇంటి గురించి ఏం ఆలోచించారో సిగ్గుపడకుండా రాయండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయానికి వస్తాను: చనిపోయినవారి గురించి రాయడం. మీ పుస్తకం ఎంతమంది చదువుతారో తెలియదు కాని, మీరు పేరు రాసిన అమరుని ఇంట్లో మాత్రం తప్పకుండా చదువుతారు, ప్రతి మాటా చదువుతారు. మా యూనిట్‌లో పోయిన ఒక తెలుగు సైనికుడి తల్లిదండ్రులను చూడడానికి యుద్ధం తరవాత వెళ్లాను. ఆ తండ్రి నన్ను వీరత్వం గురించి ఏమీ అడగలేదు. ప్రాణం పోయినది అర్ధరాత్రికి ముందా, తరవాతా, తెల్లవారాకా అని అడిగారు. ఆ రాత్రి తిథి మారిందట. వచ్చిన కాగితాలలో తేదీ ఉంది కాని వేళ లేదు. ఏ తిథికి ఆబ్దికం పెట్టాలో పురోహితుడు తేల్చలేకపోయాడట. ఆ వేళ నాకు తెలుసు, చెప్పాను. ఆయన పంచాంగం తెప్పించి చూసుకుని, కాగితం మీద రాసుకుని, దేవుడి అరలో పెట్టుకున్నారు. ఉజ్జాయింపుగా “తెల్లవారుజామున” అని రాసేముందు నాకు ఇప్పటికీ ఆయన గుర్తుకు వస్తారు. మనకు వర్ణన అనిపించేది ఒక ఇంట్లో ఏటా కర్మ జరిపే తిథిని నిర్ణయిస్తుంది.

కాబట్టి అమరుని పేరు రాసేముందు ఆ కుటుంబాన్ని అడగండి. గాయం ఎలా ఉంది, ఆఖరి క్షణాలు ఎలా గడిచాయి అన్నవి వారి అనుమతి లేకుండా అచ్చులో పెట్టకండి. వారు అడిగితే విడిగా చెప్పండి, అప్పుడు కూడా కల్పించి ఊరడించకండి. నష్టపరిహారం, పెట్రోలు బంకు కేటాయింపుల తరవాత కొన్ని ఇళ్లలో అత్తింటికీ కోడలికీ మధ్య వచ్చిన తగాదాలు మనందరికీ తెలుసు. అది కూడా యుద్ధం చేసిన నష్టమే, రాయదగిన విషయమే. కాని ఏ ఇల్లో గుర్తుపట్టేలా రాసే హక్కు మనకు లేదు. భారతంలో యుద్ధపర్వాల తరవాత ఏడ్చేవారి కోసం స్త్రీపర్వమని వేరుగా ఒక పర్వమే ఉంది. మనం రాసేవాటిలో ఆ భాగం తరచుగా లేకుండా పోతోంది.

ఎదుటి పక్షం గురించి కూడా మీరు చూసినంతే రాయండి, తిట్టకండి, జాలిమాటలు అతికించకండి. ద్రాస్‌లో పోరాడి మరణించిన పాకిస్తాన్ అధికారి కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (ఇక్కడ కర్నల్ అన్నది పేరే, హోదా కాదు) ధైర్యంగా పోరాడాడని మన బ్రిగేడ్ కమాండర్ ఒక కాగితం మీద రాసి, భౌతికకాయంతో పాటు పంపారు. ఆ తరవాత పాకిస్తాన్ ఆయనకు తమ అత్యున్నత పురస్కారమైన నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఎదురుగా నిలిచి పోరాడినవారు చూసి చెప్పినది, అలంకారం లేకుండా, ఒక చిన్న కాగితంలో ఉంది. శత్రువు గురించి రాయడానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. మా గుండ్లు పడిన చోట మనుషులు ఉన్నారని నాకు తెలుసు. పని అవసరమైనదనీ నాకు తెలుసు. ఈ రెండింటినీ పక్కపక్కన రాసి వదిలేస్తాను. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయడానికి ప్రయత్నించను.

జ్ఞాపకాన్ని నమ్మండి కాని సరిచూసుకోండి. యుద్ధం జరుగుతుండగా వచ్చే కబురులో పొరపాట్లు సహజం. గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్ర మొదట మరణానంతర పురస్కారంగా ప్రకటించారు. ఆయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారనీ, అదే పేరుగల మరొక సైనికుడు మరణించాడనీ తరవాత తెలిసింది. దేశమంతా చూస్తున్న విషయంలోనే అలా జరిగినప్పుడు, ఇరవై ఏళ్లు దాటిన మన జ్ఞాపకంలో తేదీలు, పేర్లు, వరుసలు తారుమారు కావడంలో వింత లేదు. ఆ రోజు పక్కన ఉన్న మరొకరిని అడగండి. ఆయన వేరుగా చెబితే ఇద్దరి మాటలూ రాయండి.

చట్టం విషయం తేలికగా తీసుకోకండి. సర్వీసులో ఉన్నవారు ఆర్మీ రూల్స్, 1954లోని 21వ నియమం ప్రకారం అనుమతి లేకుండా ఇటువంటివి ప్రచురించకూడదు. మీరు బయటకు వచ్చేశారు కాబట్టి ఆ నియమం మీకు వర్తించకపోయినా, అధికార రహస్యాల చట్టం, 1923 పదవీ విరమణతో వదలదు. ఇంటెలిజెన్స్ బ్యూరో, బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, అస్సాం రైఫిల్స్ వంటి సంస్థలలో, అంటే సమాచార హక్కు చట్టం రెండవ షెడ్యూలులో ఉన్నవాటిలో పనిచేసి కేంద్ర సివిల్ పింఛను నియమాల కిందకు వచ్చేవారికి 2021 మే నెలలో వచ్చిన సవరణ మరింత కఠినంగా ఉంది. ఆ సంస్థ పని గురించి రాయాలంటే వారు ముందుగా అనుమతి తీసుకోవాలి. మీరు సైన్యం నుంచి మధ్యలో అస్సాం రైఫిల్స్‌కు డెప్యుటేషన్ మీద వెళ్లి ఉంటే ఆ భాగాన్ని అచ్చుకు ఇచ్చేముందు తప్పనిసరిగా విచారించుకోండి. 2021 జూన్‌లో రక్షణ శాఖ ప్రకటించిన విధానం ప్రకారం యుద్ధ రికార్డులను సాధారణంగా 25 ఏళ్లకు రహస్య జాబితా నుంచి తొలగించాలి. కాని 25 ఏళ్లు నిండగానే ప్రతి కాగితం దానంతటదే బహిరంగం అయిపోదు; చైనాతో జరిగిన 1962 యుద్ధంలో ఓటమి మీద సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా విడుదల చేయలేదు.

చట్టం ఊసెత్తకపోయినా నేను రాయనివి కొన్ని ఉన్నాయి. ఇప్పటికీ మనవాళ్లు కాపలా ఉన్న పోస్టుల దారులు, ఆయుధాల పరిమితులు, రేడియో పద్ధతులు రాయను. మన వెంట సరుకు మోసిన, దారి చూపిన స్థానికుల పేర్లు, ఊర్లు అసలే రాయను. మనం సర్వీసు ముగించుకుని సికింద్రాబాదు వచ్చేశాము, వారు అక్కడే బతకాలి.

భాష గురించి ఒక్క మాట. రోజంతా హిందీలో నడిచిన జీవితాన్ని తెలుగులో రాస్తున్నారు. కథనం తెలుగులో ఉండనివ్వండి. సాబ్ ఇచ్చిన ఆదేశం, పంజాబీ మిత్రుడి మాట వారు అన్నట్టుగానే తెలుగు లిపిలో ఉంచండి, అర్థం పక్క వాక్యంలో తెలిసిపోయేలా రాయండి. సంగర్ (రాళ్లు పేర్చి కట్టిన కాపు), పిట్టూ (వీపు సంచి), బుఖారీ (వెచ్చదనానికి పెట్టే పొయ్యి), చుట్టీ (సెలవు) వంటివి మీ నోట ఎలా పలుకుతాయో అలాగే ఉండాలి. వాటికి నిఘంటువులో సంస్కృత పదాలు వెతికితే మీ గొంతు పోతుంది.

మాట్లాడకూడదన్న మీ మిత్రుల మాటను నేను గౌరవిస్తాను. మౌనం వారి హక్కు. దాని వెనుక ఏముందో అడిగే అధికారం మనకు లేదు. అయితే అది అందరికీ నియమం కాదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పిలిచే ఊరు నుంచి మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్నారు. ఇళ్లలో పతకాలు, ఫోటోలు భద్రంగా ఉన్నాయి. ఆ తొలి తరంవారు తమ మాటల్లో రాసుకున్నది ఏదైనా దొరుకుతుందేమోనని నేను చాలామందిని అడిగాను, నాకింతవరకు దొరకలేదు. వారు ఏ ఓడలో వెళ్లారో, ఏం తిన్నారో, పక్కవాడు పడిపోయినప్పుడు ఏం చేశారో చెప్పేవారు ఇప్పుడు లేరు. మన తరం గురించి కూడా అలా కాకూడదని నా కోరిక.

రాస్తున్న రోజుల్లో నిద్ర పట్టకపోతే, పాత శబ్దాలు పగటిపూట కూడా వినిపిస్తే, ఇంట్లోవారి మీద కారణం లేకుండా కోపం వస్తుంటే, కలం పక్కన పెట్టి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్ ద్వారా మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు. పుస్తకం ఆరు నెలలు ఆలస్యమైతే నష్టం లేదు. రాస్తే బాధ తగ్గుతుందని కొందరు చెబుతారు. నేను చూసినంతలో కొందరికి తగ్గింది, కొందరికి పెరిగింది.

మొదలుపెట్టడానికి దాడి రాత్రిని ఎంచుకోకండి. దాడికి ముందు రోజు ఉదయం లేచినప్పటి నుంచి చీకటి పడేవరకు మీరు చేసిన పనులు వరుసగా రాయండి. మిగిలినది దాని వెంట వస్తుంది. పోస్టింగుల తేదీలకు మీ డిశ్చార్జి బుక్ చూసుకోండి. అందులో లేనివాటికి మీ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు ఆర్మీ నంబరు, ర్యాంకు, డిశ్చార్జి తేదీ రాసి దరఖాస్తు పెట్టండి. మా ఫిరంగిదళానిది నాసిక్ రోడ్డులో ఉంది, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి సరఫరా విభాగం) వారివి ఇక్కడ సికింద్రాబాదులోనే ఉన్నాయి, మీ పదాతి రెజిమెంటుది మీ సెంటర్‌లో ఉంటుంది. మొదటి ప్రతి పూర్తయ్యాక ప్రచురణకర్తకు ఇచ్చేముందు మీ సెక్షన్‌లో మీతో ఉన్నవారిలో ఒకరికీ, మీరు పేరు రాసిన ప్రతి అమరుని కుటుంబానికీ ఒక్కొక్క ప్రతి పంపి, వారి జవాబు వచ్చేవరకు ఆగండి.